పంచాయతీ వైఫైకి తాళము



పంచాయతీ కార్యాలయమునకు తాళము గలదు. బీరువాకు వేరొక తాళము గలదు. కాని గోడకు బిగించిన వైఫై యాక్సెస్ పాయింటునుండి వెలువడు రేడియో తరంగములు ఆ గోడతో ఆగవు. వీధి అరుగుపై కూర్చున్నవాని ఫోనుకును అవి అందును. కావున వానికిని తాళము వలయును. ఇది మెకానిక్కు పని యని సభ్యులు ఊరకుండరాదని మా మనవి.

ఈ తాళమున రెండు భాగములున్నవి. లోనికి రాదలచినవాడు తగినవాడా యని పరీక్షించుట ధ్రువీకరణము. గాలిలో పోవు సమాచారమును అన్యులు చదువజాలనట్లు మార్చుట గూఢీకరణము. ఇందుకు తగిన పద్ధతిని యాక్సెస్ పాయింటు సెట్టింగులలో మనమే ఎన్నుకొనవలెను. 1997లో వచ్చిన డబ్ల్యు.ఇ.పి. పద్ధతి లోపములు 2001 నాటికే బయటపడినవి. నేడది కొలది నిమిషములలో ఛేదింపబడును. దానిని విడువవలెను. 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.-3 శ్రేష్ఠము. పాత యంత్రములు దానిని గ్రహింపలేనిచో ఏ.ఇ.ఎస్.తో కూడిన డబ్ల్యు.పి.ఎ.-2 పెట్టుకొనవచ్చును.

పద్ధతి యెంత గట్టిదైనను పాస్‌వర్డు బలహీనమైనచో ఫలము లేదు. డబ్ల్యు.పి.ఎ.-2 వాడునప్పుడు దొంగ, గాలిలోని సంకేతములను ఒకసారి పట్టుకొనిపోయి, ఇంట తీరికగా లక్షల ఊహలను పరీక్షింపగలడు. గ్రామము పేరు, సర్పంచి ఫోను నంబరు వానికి మొదట తట్టును. కనీసము 8 అక్షరములున్న చాలునని యంత్రము చెప్పినను, పొత్తు లేని నాలుగైదు మాటలు కూర్చి 20 అక్షరములు దాటించుట మేలు. సెట్టింగులను తెరచు అడ్మిన్ పాస్‌వర్డు వేరు. కొన్నప్పుడు వచ్చిన దానిని మొదటి దినముననే మార్చవలెను. 8 అంకెల పిన్‌తో చేర్చుకొను డబ్ల్యు.పి.ఎస్. సౌకర్యమును ఆపివేయవలెను, 11,000 ప్రయత్నములలోపల ఆ పిన్ దొరకునని 2011లోనే తేలినది.

అట్లని ప్రజలకు తలుపు మూయుమని మా భావము గాదు. ఉపకార వేతనమునకు దరఖాస్తు పంపవచ్చిన విద్యార్థిని వెనుకకు పంపుట న్యాయము గాదు. కాని కార్యాలయపు పాస్‌వర్డునే అందరికిని చెప్పినచో, ఇంటిపన్ను లెక్కలు, జనన మరణ వివరములు గల కంప్యూటరున్న నెట్‌వర్కులోనికే అందరి ఫోనులును చేరును. యాక్సెస్ పాయింటులో అతిథి నెట్‌వర్కు సౌకర్యమున్నచో, ప్రజలకు దానిని వేరు పాస్‌వర్డుతో ఈయవలెను. కార్యాలయపు పాస్‌వర్డును గోడపై వ్రాయుట తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుటయే.

రాబోవు సమావేశమున ఒక తీర్మానము చేయుడు: పాస్‌వర్డు ఎవరి వద్ద నుండవలెను, ఉద్యోగి బదిలీయైన నాడు దానిని ఎవరు మార్చవలెను? ప్రజలు మనలను నమ్మి యిచ్చిన వివరములను కాపాడుట మన కర్తవ్యము.