కాగితములో లేని మాట

(రేడియో ప్రసంగ పాఠము)
ధ్యాన వాక్యభాగములు: 1 రాజులు 21:1–16; సామెతలు 31:8, 9



ప్రియ శ్రోతలారా, నాబోతు ద్రాక్షతోట సంగతి మీ అందరికీ తెలిసినదే. ఆ తోట కోసం అహాబు రాజు కత్తి దూయలేదు. యెజెబెలు రాజు పేరట తాకీదులు వ్రాయించింది, రాజముద్ర వేయించింది, ఊరి పెద్దలకు పంపింది. పెద్దలు ఉపవాసదినము చాటించారు, సాక్షులను నిలబెట్టారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. నాబోతు మాత్రం రాళ్ల క్రింద ప్రాణం విడిచాడు. ఆ పెద్దలందరికీ నాబోతు తెలుసు, అతడు నిర్దోషి అని కూడా తెలుసు. అయినా ఒక్కరూ నోరు తెరవలేదు. ఈ పెద్దల మౌనమును గురించి నేడు ధ్యానించుకుందాం.

ఇందుకు ఆఫ్రికా ఖండపు చరిత్ర నుండి రెండు సంగతులు మీ ముందుంచుతున్నాను. నేడు జింబాబ్వే అని పిలిచే దేశములో ఆ రోజుల్లో ఎన్‌డెబెలే ప్రజల రాజు లోబెంగులా. ఆయన రాజధాని బులవాయో. ఆ నేలలో బంగారం ఉన్నదని తెల్లవారికి ఆశ పుట్టింది. వజ్రాల గనులతో ధనవంతుడైన సెసిల్ రోడ్స్ తన మనుషులను రాజు దగ్గరకు పంపాడు. వారికి నాయకుడు చార్లెస్ రడ్. 1888 అక్టోబరు 30న లోబెంగులా వారి కాగితం మీద తన గుర్తు వేశాడు. ఆ కాగితం ప్రకారం రాజుకు వచ్చేది నెలకు 100 పౌన్లు, 1,000 తుపాకులు, లక్ష తూటాలు, జాంబెజీ నది మీద ఒక ఆవిరి పడవ. ఆయన ఇచ్చేది తన రాజ్యములోని ఖనిజాలన్నిటి మీద పూర్తి హక్కు, వాటిని తీయడానికి అవసరమనుకున్నదంతా చేసుకునే అధికారము.

రాజుకు ఇంగ్లీషు చదవడం రాదు. మరి ఆయనకు చదివి వినిపించినది ఎవరు? చార్లెస్ హెల్మ్ అనే మిషనరీ. ఆయన లండన్ మిషనరీ సొసైటీ సేవకుడు. 1805లో మన విశాఖపట్నానికి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే తొలి మిషనరీలను పంపినది కూడా ఆ సొసైటీయే. కాబట్టి ఇది మనకు సంబంధం లేని పరాయివారి కథ అనుకోకండి.

తవ్వడానికి పదిమందికి మించి తెల్లవారిని తీసుకురామని, పట్టణాల దగ్గర తవ్వమని, రాజు చట్టాలకు లోబడి ఉంటామని రోడ్స్ మనుషులు రాజుకు నోటిమాట ఇచ్చారు. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? హెల్మ్ గారే తన సొసైటీకి వ్రాసిన ఉత్తరంలో తెలియజేశారు. అయితే ఆ పదిమంది మాట కాగితంలో ఎక్కడా లేదు. పత్రమంతటిని రాజుకు, ఆయన పెద్దలకు పూర్తిగా వివరించానని మాత్రం హెల్మ్ గారు సంతకం చేసి ధృవీకరించారు. ఆయన కపటి అని తీర్పు తీర్చడం నా ఉద్దేశం కాదు. గుంపులు గుంపులుగా వచ్చి రాజును వేధించేవారికంటే బలమైన ఒక్క కంపెనీ మేలని ఆయన తలంచారు. కాని చెప్పిన మాట ఒకటి, వ్రాసిన మాట ఒకటి అని ఎరిగిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఈ మాట కూడా వ్రాయండి, అప్పుడే నేను సంతకం చేస్తాను" అని అడగగలిగినవాడు ఆయనే.

మోసం గ్రహించిన లోబెంగులా 1889లో ఇద్దరు పెద్దలను విక్టోరియా రాణి దగ్గరకు పంపాడు. తాను ఇవ్వనిది ఇచ్చినట్టు చెబుతున్నారని మొరపెట్టుకున్నాడు. వచ్చిన పరదేశికి రాజు ఒక ఎద్దును ఇస్తాడు గాని మందనంతా ఇవ్వడు కదా అని రాణి పేరట అక్కడినుండి సలహా వచ్చింది. ఎంత మంచి సలహా! అయితే అదే సంవత్సరం అక్టోబరులో రోడ్స్ కంపెనీకి రాణి ప్రభుత్వమే రాజ్యాధికార పత్రం ఇచ్చింది. 1890లో కంపెనీ దండు వచ్చింది. 1893లో మాక్సిమ్ మరతుపాకులు వచ్చాయి. బులవాయో కాలిపోయింది. పారిపోయిన రాజు 1894లో చనిపోయాడు. 1930లో చేసిన భూమి చట్టం దేశములో దాదాపు సగం భూమిని కొద్దిమంది తెల్లవారికే కేటాయించింది. పదిమంది అన్న మాట ఎక్కడికి పోయింది, సహోదరులారా?

ఇక రెండవ సంగతి. లోబెంగులా రాజ్యానికి పొరుగున, నేటి బోత్స్వానాలో, ఖామా అనే రాజు ఉండేవాడు. ఆయన బాప్తిస్మము పొందిన విశ్వాసి, తన ప్రజలలో సారాయి అమ్మకాన్ని ఆపినవాడు. ఆయన కూడా మచ్చలేనివాడు కాడు. 1893లో లోబెంగులా మీదికి కంపెనీ వెళ్లినప్పుడు తన సైన్యాన్ని తోడు పంపాడు. రెండేళ్లు తిరగకముందే అదే కంపెనీ ఆయన దేశాన్ని కూడా అడిగింది.

1895లో ఖామా, సెబేలె, బాతోయెన్ అనే ముగ్గురు రాజులు ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లారు. వారి మాటను తర్జుమా చేసినది విల్లోబీ గారు. ఆయన కూడా లండన్ మిషనరీ సొసైటీ సేవకుడే. మంత్రి చేంబర్లేన్ వారితో, వెళ్లి రోడ్స్‌తోనే మాట్లాడుకోండి అన్నాడు. వారు నిరాశపడి తిరిగిపోలేదు. ఊరూరా చాపెల్స్‌లో, సభల్లో తమ గోడు వినిపించారు. విన్న సామాన్య విశ్వాసులు ఊరకే కన్నీరు కార్చి ఇంటికి వెళ్లలేదు. ప్రభుత్వానికి ఉత్తరాలు, మనవులు పంపారు. నవంబరులో మంత్రి దిగివచ్చాడు. రైలు మార్గానికి కొంత భూమి వదులుకోవలసి వచ్చింది, గుడిసె పన్ను కట్టవలసి వచ్చింది, బ్రిటిషు పాలన పోలేదు. కాని వారి దేశము కంపెనీ చేతిలో పడలేదు. 1966లో బోత్స్వానా స్వతంత్రమైనప్పుడు మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా. ఆయన ఈ ఖామాకు మనుమడు.

గమనించండి. సొసైటీ ఒకటే, బైబిలు ఒకటే. బలవంతునికీ బలహీనునికీ మధ్య నిలిచిన నాలుక కూడా రెండు చోట్లా సేవకునిదే. ఒక నాలుక సగం సత్యముతో సరిపెట్టుకుంది. ఒక నాలుక మూగవాని పక్షముగా మాటలాడింది. సామెతలు 31లో లేమూయేలు తల్లి తన కుమారునికి నేర్పినది ఈ రెండవదే.

ప్రియులారా, చదువు వచ్చిన మనలో ప్రతివాడు ఎప్పుడో ఒకప్పుడు హెల్మ్ గారి కుర్చీలో కూర్చుంటాడు. చదువురాని పెద్దమ్మ అప్పు పత్రం తెచ్చి, "ఇందులో ఏముందో చూడు నాయనా" అంటుంది. పొలం కాగితం మీద వేలిముద్ర వేసే తాత నీ ముఖం వైపే చూస్తాడు. గల్ఫ్‌కు పోయే పిల్లవాడు ఒప్పంద పత్రం నీ చేతిలో పెడతాడు. ఏజెంటు నోటితో చెప్పినది కాగితంలో ఉందో లేదో చూశావా? లేకపోతే లేదని చెప్పావా? మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు కొండమీద బోధించాడు. తెలిసి మౌనంగా ఉండడం అవునూ కాదు, కాదూ కాదు. అది యెజ్రెయేలు పెద్దల పని.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, నీవు మాకిచ్చిన చదువును, నాలుకను నీ చేతికి అప్పగిస్తున్నాము. మమ్మును నమ్మి వేలు ముందుకు చాపినవారికి పూర్తి సత్యము చెప్పే ధైర్యము దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.