మతిమఱపు - మెదడులోని సంధులు



"అన్నము తిని గడియ కాలేదు, ముసలాయన తిననేలేదని వీథిలో చెప్పుచున్నాఁడు" అని కోడండ్రు నొచ్చుకొనఁగా మన మెదకులో పలుమాఱులు వింటిని. కొందఱు దానిని చాదస్తమందురు. కొందఱు కావలెననియే చేయుచున్నాఁడని కసరుదురు. ఆ మాట యెంత యన్యాయమో విన్నవింపఁదలఁచితిని.

జర్మనీదేశపు వైద్యుఁడు ఆల్జైమరు, 1906లో మరణించిన యొక రోగిణి మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, నాడీకణముల వెలుపల మచ్చలను, లోపల చిక్కుపడిన పోఁగులను కనుఁగొనెను. రెండును చెడిన మాంసకృత్తులే. వెలుపలిది ఎమిలాయిడు బీటా, లోపలిది టౌ అని తరువాతివారు గుర్తించిరి.

మన మెదడులో నాడీకణములు సుమారు 8,600 కోట్లు. ఒకదాని వార్త వేఱొకదానికి అందు చోటు నాడీసంధి. వైద్యులు సినాప్సు అందురు. వ్యాకరణమున సంధి యనఁగా అక్షరములు కలిసిపోవును. ఇచట కణములు కలియవు. నడుమ మిల్లీమీటరులో 50,000వ వంతు ఎడముండును. ఈవలి కణము విడిచిన రసాయనద్రవ్యమును ఆవలి కణము అందుకొనును. క్రొత్త సంగతి నేర్చినపుడు ఈ సంధులు బలపడును.

ఎమిలాయిడు బీటా తునుకలు ఆరోగ్యవంతుల మెదడులోను పుట్టుచునే యుండును, తొలఁగిపోవుచునే యుండును. తొలఁగక నిలిచినవి ఒకదానికొకటి అంటుకొని ముద్దలగును. పెద్ద మచ్చలకంటె ఈ చిన్న ముద్దలే సంధులకు ఎక్కువ హాని చేయునని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. అవి సంధికడఁ జేరి, వార్తనందుకొను గ్రాహకములను తగ్గించును. టౌ సహజముగా కణములోని రవాణామార్గములకు ఊఁత. అది చెడి విడిపోయినచో సంధికి చేరవలసిన సామగ్రి చేరదు. ఘనపురము ఆనకట్ట కాలువ నిండుగా పాఱుచున్నను, మడవకడ ఒండ్రు పేరుకొన్నచో మడి యెండదా? ఇదియు నట్టిదే. కణము చావకమునుపే సంధి చెడును. రోగి బుద్ధిక్షీణతకు మచ్చలకంటె సంధుల నాశమే సరిగా సరిపోవుచున్నదని 1991లో రాబర్టు టెర్రీయు, ఆయన సహచరులును చూపిరి.

క్రొత్త జ్ఞాపకములను కూర్చు భాగము కణతల లోపల నున్నది. రోగము మొదట తాఁకు చోట్లలో అది యొకటి. కావుననే ముసలివానికి తన పెండ్లినాఁటి ముచ్చటలు జ్ఞప్తియందుండును, ఉదయము తిన్న యన్నము ఉండదు. అతఁడు అబద్ధమాడుటలేదు. ఆ భోజనము అతని మెదడున వ్రాయఁబడనేలేదు.

హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారును, సహచరులును 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒక్క భాషవారికంటె, రోగము సుమారు 4½ ఏండ్లు ఆలస్యముగా పొడచూపెను. చదువురానివారిలోను ఈ భేదము కనఁబడెను. అంగడిలో తెలుఁగును, ఉర్దూను కలిపి మాటలాడు మనకిది ముచ్చటగొలుపు వార్తయే. రోగమే రాదని మాత్రము తలఁపరాదు.

దీనిని మాన్పు మందు లేదు. 2023లో అమెరికాలో పూర్తి యనుమతి పొందిన లెకనెమాబు, తొలిదశలోనివారికి రోగపు నడకను కొంత మందగింపఁజేయును, అంతియే. అయితే మతిమఱపంతయు ఆల్జైమరు రోగము కాదు. బి12 విటమిను కొఱఁతవలనను, థైరాయిడు మాంద్యమువలనను వచ్చు మతిమఱపు చికిత్సతో తగ్గవచ్చును. ఆ రెండును రక్తపరీక్షలో తెలియును.