మేలు ఎవరికి, ఎంత మోతాదులో

ఆహార శాస్త్రంలో పట్టా అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

పేగుల నుంచి బయల్దేరిన రక్తం పోర్టల్ సిర ద్వారా ముందుగా కాలేయానికే చేరుతుంది. అందులో పోషకాలే కాదు, పేగుల్లోని కోటానుకోట్ల బ్యాక్టీరియా తయారుచేసిన పదార్థాలూ ఉంటాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని కాపాడతాయి, కొన్ని దెబ్బతీస్తాయి. మీరు తయారుచేసే ప్రతి ఆహారమూ మనిషితోపాటు ఈ సూక్ష్మజీవులకూ మేత అవుతుంది. ఆ మేత కీడు చేసిన సందర్భం ఒకటి చూడండి.

అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయంలో ఎం. విజయ్‌కుమార్ బృందం 2018లో 'సెల్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్ అనే పీచును శుద్ధిచేసి ఎలుకల మేతలో కలిపారు. పేగు బ్యాక్టీరియా సమతౌల్యం చెడిన ఎలుకల్లో కొన్నింటికి కామెర్లు, ఆపై కాలేయ క్యాన్సర్ వచ్చాయి. ఆ పీచును పులియబెట్టే బ్యాక్టీరియాను అదుపు చేస్తే జబ్బూ తగ్గింది. ఆ ఎలుకల్లో పేగు రక్తం కాలేయాన్ని తప్పించుకుపోయే పుట్టులోపం ఉందని అదే బృందం 2022లో తేల్చింది.

ఇది ఎలుకల్లో తేలిన ఫలితం. దీన్ని చూసి ఎవరూ పప్పు, ఆకుకూర, చిరుధాన్యాలు మానకూడదు. మన దగ్గర కాలేయ క్యాన్సర్‌కు హెపటైటిస్-బి, సి వైరస్‌లు, మద్యం, కొవ్వు పట్టిన కాలేయం పెద్ద కారణాలు. కానీ ఒకరికి మేలు చేసే పదార్థం మరొకరికి కీడు చేయవచ్చన్న హెచ్చరిక మాత్రం మీకోసమే.

తినేవాళ్లే కాదు, తయారీ తీరూ ముఖ్యమే. బాపట్ల ఇసుక నేలల్లో పండే వేరుశనగనే చూడండి. బలమైన తిండి. సరిగా ఎండబెట్టకుండా నిల్వచేస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది కాలేయ క్యాన్సర్ కారకమని రుజువైంది. పంట మంచిదే, ఆరబోతలో అశ్రద్ధ దాన్ని విషం చేస్తుంది.

రేపు మీలో కొందరు కంపెనీల్లో పొట్లం మీద 'ఆరోగ్యకరం' అని రాయించే స్థానంలో ఉంటారు. ఆ మాట రాసేముందు ఎవరికి, ఎంత మోతాదులో, ఏ పరీక్షతో అని అడగండి. జవాబు లేకపోతే ఆ మాట రాయనివ్వకండి. పైవాళ్లు తొందరపెట్టినా తలవంచకండి. మీ చదువును నమ్మి తినే జనం ఎక్కడో ఉంటారు, వాళ్లు మిమ్మల్ని ఎన్నడూ చూడరు. వాళ్ల తరఫున మీరే అడగాలి.