వైద్య పరీక్ష ఖర్చు ఎవరు భరించాలి



కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ తెలుగు ఇంట్లో వినిపించే భాష. జీతపు చీటీ మీద కనిపించేది తమిళం లేదా ఇంగ్లీషు. విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ నల్లరేగడి నేలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలవారికైనా, నిన్నమొన్న ఆంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారికైనా ఈ విషయంలో తేడా లేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామంలో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. ఆయన రచన సాగింది తమిళంలో. రెండు భాషలూ ఆయనకు స్వాధీనమైనవి. అగ్గిపెట్టెల కర్మాగారంలోనో, నూలు మిల్లులోనో పనికి చేరే మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. చేతికిచ్చిన కాగితంలో ఏముందో తెలియకుండానే సంతకం పడిపోతుంది. అటువంటి కాగితాలలో ఒకటి వైద్య పరీక్షకు సంబంధించినది. తమిళంలో దానిని ‘మరుత్తువ సాన్రిదళ్’ అంటారు. ఈనాటి ప్రసంగం ఆ పరీక్షకు అయ్యే ఖర్చు గురించి.

సాధారణంగా జరిగేది ఇది. పనిలోకి తీసుకునే ముందు రొమ్ము ఎక్స్‌రే, రక్త పరీక్ష, కంటి పరీక్ష చేయించుకొని రమ్మంటారు. కార్మికుడు ఒక పూట పని మానుకొని ల్యాబుకు వెళ్తాడు, సొంత డబ్బు కడతాడు, కాగితం తెచ్చి ఆఫీసులో ఇస్తాడు. మరికొన్ని చోట్ల సంస్థే ఏడాదికొకసారి డాక్టరును పిలిపిస్తుంది. ఆ ఖర్చు తరువాతి నెల జీతంలో ‘పిడిత్తం’, అంటే కోత, అనే వరుసలో కనబడుతుంది. మొదటిది కోతలా కనిపించదు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. రెండవది చిన్న మొత్తం కాబట్టి ఎవరూ ప్రశ్నించరు.

చట్టం మాత్రం ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 114వ సెక్షన్ ఒకే ఒక వాక్యం. ఆ చట్టం ప్రకారం యజమాని కల్పించవలసిన ఏర్పాట్లకు గానీ, ఇవ్వవలసిన పరికరాలకు గానీ కార్మికుడి నుంచి ఏ రుసుమూ వసూలు చేయరాదని దాని సారాంశం. క్యాంటీను ఒక్కటే అందుకు మినహాయింపు. అదే చట్టంలోని 69వ సెక్షన్ ఇంకా స్పష్టమైనది. కౌమార దశలో ఉన్నవారికి ఆనాడు డాక్టరు నుంచి దేహదారుఢ్య పత్రం కావాలి. ఆ పత్రానికి అయ్యే ఫీజు యజమానే చెల్లించాలనీ, దానిని పిల్లవాడి నుంచి గానీ తల్లిదండ్రుల నుంచి గానీ తిరిగి రాబట్టరాదనీ అందులో రాశారు. తల్లిదండ్రుల పేరు కూడా చేర్చారంటే, ఖర్చు ఏ దారిన ఇంటిమీదికి జారుతుందో చట్టం రాసినవారు గ్రహించారన్నమాట.

1984లో భోపాల్ దుర్ఘటన జరిగింది. దాని తరువాత 1987లో ఆ చట్టానికి ప్రమాదకర ప్రక్రియల గురించి ప్రత్యేకమైన అధ్యాయం చేరింది. అటువంటి పనికి పెట్టేముందు ఒకసారి, పనిలో ఉన్నంతకాలం పన్నెండు నెలలకు మించని వ్యవధిలో మళ్ళీ మళ్ళీ, ఆ పని మానేసిన తరువాత కూడా వైద్య పరీక్ష జరిపించే బాధ్యతను 41సి సెక్షన్ యజమాని మీద పెట్టింది. ఆరోగ్య రికార్డులు కార్మికుడు చూసుకోగలిగేలా ఉంచాలని కూడా చెప్పింది. ఆ ప్రక్రియల పట్టికలో సిమెంటు పరిశ్రమ ఉంది. రసాయన పరిశ్రమల కింద పేలుడు పదార్థాలు ఉన్నాయి. విరుదునగర్ జిల్లాలో ఈ రెండు మాటలకూ అర్థం ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. చట్టం మారింది కాబట్టి హక్కు పోయిందని చెప్పేవారు ఎదురైతే నమ్మవలసిన పని లేదు. కొత్త కోడ్‌లోని 6వ సెక్షన్ పాతదానికన్నా విస్పష్టంగా ఉంది. పని స్థలంలో భద్రత, ఆరోగ్యాల కోసం చేసే దేనికీ ఉద్యోగి నుంచి డబ్బు తీసుకోరాదు. వృత్తి వ్యాధులను కనిపెట్టే వైద్య పరీక్షలు అందులో చేరి ఉన్నాయని పేరు పెట్టి మరీ చెప్పింది. నియమాలు నిర్ణయించిన వయసువారికి, తరగతులవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష జరిపించాలన్నది కూడా అదే సెక్షన్. నలభై ఏళ్ళు దాటిన కార్మికులకు ఈ పరీక్ష ఉంటుందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఉచితం అనే మాటకు తమిళ కాగితాలలో కనిపించే పదం ‘ఇలవసం’. ఆ ఒక్క పదాన్ని గుర్తు పట్టడం నేర్చుకున్నా మేలే.

జీతంలో కోత వేరే చట్టానికి చెందిన విషయం. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం యజమాని ఏయే కోతలు వేయవచ్చునో వరుసగా చెప్పింది; ఆ వరుసలో లేనిది కోయరాదు. ఇప్పుడు అమలులో ఉన్న 2019 నాటి వేతనాల కోడ్‌దీ అదే పద్ధతి. గైర్హాజరు, అడ్వాన్సు, ప్రావిడెంట్ ఫండు, ఆదాయపు పన్ను వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. యజమాని తన బాధ్యతగా చేయించవలసిన వైద్య పరీక్ష లేదు. అన్యాయపు కోత మీద దరఖాస్తు పెట్టుకోవడానికి కొత్త కోడ్ మూడేళ్ళ గడువు ఇస్తుంది.

ఒక ఎక్స్‌రే ఖరీదు కోసం ఇంత చర్చ అవసరమా అని ఎవరికైనా అనిపించవచ్చు. నూలు మిల్లు సంగతి చూస్తే విషయం తెలుస్తుంది. రాజపాళయంలో 1930లలో తెలుగు మాట్లాడే రాజుల చొరవతో మిల్లులు లేచిన నాటి నుంచి ఈ జిల్లాలో నూలు మిల్లు ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టింది. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధిని బిస్సినోసిస్ అంటారు. బేళ్ళు విప్పే బ్లోరూములోనూ, కార్డింగులోనూ దుమ్ము ఎక్కువ. ఆ వ్యాధి మొదట వారపు సెలవు తరువాతి రోజున కనబడుతుంది. సోమవారం పనిలోకి దిగిన కొన్ని గంటలకు రొమ్ము బిగుసుకుంటుంది, మంగళవారానికి తేలికపడుతుంది. ‘ఆదివారం తిన్నది పడలేదు’ అనుకొని ఊరుకుంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బిగువు వారమంతా ఉంటుంది, ఆపైన తగ్గదు. తొలి దశలోనే దుమ్ముకు దూరమైతే ఊపిరి నిలుస్తుంది. ఊపిరి బలాన్ని కొలిచే పరీక్షను ఏటేటా చేసి పోల్చి చూస్తేనే ఆ తొలి దశ తెలిసేది.

ఆ పరీక్షకు కార్మికురాలే డబ్బు కట్టాలంటే ఆమె ఏం చేస్తుంది? దగ్గును దాచుకుంటుంది. ఆ దాచుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. డబ్బు పోసి పరీక్ష చేయించుకుంటే దక్కేది పని పోతుందన్న భయం. మానుకుంటే మిగిలేది ఆ పూట కూలి. లెక్క ఆమెకు బాగానే తెలుసు. తప్పు ఆ లెక్కను ఆమె ముందు పెట్టడంలో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో చేసిన 161వ ఒడంబడిక ఈ కారణంగానే మూడు మాటలు కలిపి చెప్పింది: ఆరోగ్య పర్యవేక్షణ వల్ల కార్మికుడికి ఆదాయ నష్టం ఉండరాదు, ఖర్చు ఉండరాదు, వీలైనంతవరకు అది పని వేళల్లోనే జరగాలి. ఫీజు సంస్థే కట్టి, ఆ పూట కూలి మాత్రం కోసేస్తే సగం ఖర్చు కార్మికుడే పెట్టినట్టు.

అగ్గిపెట్టెల పరిశ్రమ చరిత్రలో దాచడం రెండు వైపులా జరిగింది. తెల్ల భాస్వరంతో పుల్లలు తయారైన రోజుల్లో ఆ ఆవిరి దవడ ఎముకను తినేసేది. పంటినొప్పి అని బయటపెడితే పని పోతుందని కార్మికులు దాచేవారు. లండన్‌లోని బ్రయంట్ అండ్ మే కంపెనీ కూడా కేసులను ప్రభుత్వానికి తెలియనీయక 1898లో జరిమానా కట్టింది. భారతదేశం 1913లో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను చట్టంతో నిషేధించింది. శివకాశి నుంచి ఇద్దరు నాడార్ యువకులు కలకత్తా వెళ్ళి ఈ విద్య నేర్చుకొని వచ్చి 1923లో ఇక్కడ పని మొదలుపెట్టేనాటికి ఆ విషం చట్టం దృష్టిలో వెళ్ళిపోయింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఆ దవడ వ్యాధి బారిన పడకపోవడం ఈ ప్రాంతపు అదృష్టమే. పొటాషియం క్లోరేటు, గంధకం, బాణసంచాలో వాడే లోహపు పొడులు మాత్రం ఉన్నాయి. చర్మం, కళ్ళు, ఊపిరి చూడవలసిన అవసరం పోలేదు.

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే కడలై మిఠాయి గుర్తుకు వస్తుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేరుశనగ వేయించి బెల్లపు పాకంలో కలిపే చేతులకు కూడా వైద్య పరీక్ష ఉంది. ఆహార భద్రత సంస్థ 2011లో చేసిన నిబంధనల ప్రకారం ఆహార పదార్థాలను తాకే ఉద్యోగులను ఏడాదికొకసారి పరీక్ష చేయించే ఏర్పాటు సంస్థ చేయాలి, ఆ రికార్డును తనిఖీకి ఉంచాలి. లైసెన్సు యజమానిది, దానిని నిలబెట్టే పత్రం కూడా యజమానిదే. మిఠాయి కొట్టులోనైనా, హోటలులోనైనా వడ్డించే కుర్రవాడి జేబులోంచి దాని ఖరీదు తీసుకోవడం న్యాయం కాదు.

ఇక చట్టం చూపు ఆనని చోట్లు. మొదటిది, ఇంకా పనిలో చేరని మనిషి. కోడ్ మాట్లాడేది ఉద్యోగి గురించి. రేపు చేరబోయేవాడు ఈరోజు ఉద్యోగి అవునా కాదా అనే సందులోంచి ల్యాబు రసీదు జారిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు కార్మిక చట్టం ఈ సందును మూసేసింది: ఉద్యోగంలో ఉన్నవారే కాక, ఉద్యోగం కోరి వచ్చినవారు కూడా షరతుగా పెట్టిన వైద్య పరీక్షకు డబ్బు కట్టనక్కరలేదని 222.5వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ అంత స్పష్టత లేదు. అయినా ప్రమాదకర పనికి పెట్టేముందు జరిపే పరీక్ష యజమాని విధి అన్న పాత సూత్రం కార్మికుడి పక్షానే ఉంది. చేరిన తరువాత ఆ రసీదు చూపి డబ్బు తిరిగి అడగడం తప్పు కాదు.

రెండవది, మేస్త్రీ ద్వారా వచ్చినవారు. పొరుగు రాష్ట్రం నుంచి తీసుకువచ్చిన కార్మికులకు వైద్య సౌకర్యం ఉచితంగా ఇవ్వాలని 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరుకు చెప్పింది. కొత్త కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల ఆరోగ్య, సంక్షేమ సదుపాయాల బాధ్యత అసలు యజమాని మీదికి వచ్చింది. ‘మీ మేస్త్రీని అడగండి’ అనే జవాబుతో వ్యవహారం ముగిసిపోదు.

మూడవది అన్నిటికన్నా కష్టమైనది. ఇంటి అరుగు మీద కూర్చొని అగ్గిపెట్టెల అట్టలు మడిచి అంటించే స్త్రీలకు పరీక్ష జరిపించేవారే లేరు. ఎవరు ఖర్చు పెట్టాలన్న ప్రశ్న వారి గడప దాకా రాదు. కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలను చూస్తుంది. గడప లోపలి పని ఆ లెక్కలోకి రాదు.

ఇ.ఎస్.ఐ. గురించి ఒక అపోహ ఉంది. జీతంలో నూటికి 0.75 కార్మికుడూ 3.25 యజమానీ కడుతున్నారు కదా, పరీక్ష కూడా అందులోదే అంటారు. ఇ.ఎస్.ఐ. జబ్బు వచ్చినప్పటి వైద్యానికి, సెలవు భృతికి ఏర్పడిన బీమా. యజమాని విధిగా జరిపించవలసిన పరీక్ష దాని వల్ల మాఫీ కాదు. ఇందుకు విరుద్ధమైన సంగతి ఒకటి కూడా చెప్పాలి: లారీ డ్రైవరు తన లైసెన్సు కోసం తెచ్చుకునే వైద్య పత్రం అతని సొంత లైసెన్సుది. దాని ఖర్చు యజమాని మీద వేయడానికి ఈ చట్టాలు ఆధారం కావు.

యజమాని కూడా తెలుగువాడైతే అడగడం మరింత మొహమాటం. పెళ్ళికి పిలిచిన ఇంటివాడిని ఎక్స్‌రే డబ్బు ఎలా అడగడం అని వెనుకాడతారు. నోటితో అడగలేనిది కాగితంతో అడగవచ్చు. ల్యాబు రసీదు అసలును దగ్గర ఉంచుకొని నకలు జతపరచి, తేదీ వేసి, పరీక్ష ఎవరు చేయించుకోమన్నారో ఒక వాక్యం రాసి ఇవ్వాలి. ఇచ్చినట్టు రెండో ప్రతి మీద సంతకం తీసుకోవాలి. జవాబు రాకపోతే, పరీక్ష సంగతికి తమిళనాడు ప్రభుత్వపు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య శాఖ, జీతపు కోతకు కార్మిక శాఖ ఉన్నాయి. ఫిర్యాదు తమిళంలో రాయించుకోవడానికి యూనియన్ ఆఫీసు గానీ, బడికి వెళ్ళే ఇంటి బిడ్డ గానీ చాలు.

పరీక్ష ఫలితం నకలు కూడా అడిగి తీసుకోవాలి. పనిలో చేరిన నాడు ఊపిరితిత్తులు బాగున్నాయని చెప్పే కాగితమే, ఇరవై ఏళ్ళ తరువాత బిస్సినోసిస్‌కు పరిహారం అడిగేనాడు సాక్ష్యం. ఆస్బెస్టాస్ కార్మికుల వ్యాజ్యంలో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఆ పరిశ్రమలో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పని మొదలైన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, పని మానిన తరువాత 15 ఏళ్ళు గానీ, ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. మిల్లు మూతపడితే దాని బీరువాలు ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో రేషన్ కార్డు ఉంచే పెట్టెలోనే ఆ నకలు కూడా ఉంచుకోవాలి.