తపాలలో వచ్చు చిత్రములు

దూరదేశమున నున్న కుమార్తె ఈమెయిలులో మనుమరాలి ఫొటో పంపును. 1992లో వెలువడిన మైమ్ నియమములను బట్టి ఆ చిత్రము సామాన్యముగా అక్షరముల వరుసగా మారి వచ్చును. మూడు బైట్లకు నాలుగక్షరములు.

పైథాన్ భాషలో వ్రాసిన చిన్న స్క్రిప్టు గంటకొకసారి తపాలపెట్టె తెరచి, అక్షరములను మరల చిత్రముగా మార్చి, చిన్న ప్రతి తీసి, ఫొటో తీసిన తేదీని బట్టి వెబ్ ఆల్బములో చేర్చును. మనిషి చేయి పెట్టనక్కరలేదు.

అయినను పంపినవారి పేరు చూచి నమ్మరాదు. ఈమెయిలుపై పరుల చిరునామా వ్రాయుట కష్టము కాదు. ఫోనుతో తీసిన చిత్రములో ఇంటి అక్షాంశ రేఖాంశములును దాగియుండవచ్చును. కావున స్క్రిప్టు ఆ గుర్తులను చెరిపి, చిత్రమును వాకిటనే నిలుపవలెను. ఇంటివారొకరు చూచి సరే యన్న పిదపనే లోనికి రానీయవలెను. అమర్చుట యంత్రము పని. పసిబిడ్డ ముఖమును లోకమునకు చూపవచ్చునా యని తేల్చుట మన పని.