చావుల లెక్క మనమూ చదవాలి

(అంబేద్కర్ జయంతి సందర్భంగా వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను, లెక్కల మాస్టర్ని. అందుకని లెక్కే చెప్తాను. చావుల లెక్క.

మొన్న తొమ్మిదో తరగతిలో ఒక పిల్లోడు అడిగాడు. "సార్, జపాన్లో ఏడాదికి వెయ్యిమందిలో పన్నెండు మంది పైనే చచ్చిపోతున్నారంట. మన దేశంలో ఆరేడుగురేనంట. మరి మనమే నయం గదా?" క్లాసంతా నవ్వారు గానీ వాడు అడిగిన దాంట్లో తప్పు లేదు. ఆ అంకెలు నిజమే. జపాన్ ముసలివాళ్ళ దేశం. పదిమందిలో దగ్గర దగ్గర ముగ్గురు 65 దాటినవాళ్ళు. సగటున 84 ఏళ్ళు బతికి పోతున్నారు. మన దగ్గర పడుచు జనం ఎక్కువ. కాబట్టి వెయ్యికి ఎంతమంది పోయారని అడిగితే చాలదు. ఏ వయసులో పోయారు, దేంతో పోయారు అని అడగాలి. ఏడాది నిండకుండా పోయిన బిడ్డలెందరు? పురుట్లో పోయిన తల్లులెందరు? ఈ రెండూ అడిగితే ఏ దేశం గుట్టయినా బయటపడుద్ది.

2020లో ప్రపంచం మొత్తం మీద గర్భం, కాన్పు కారణంగా 2 లక్షల 87 వేల మంది ఆడవాళ్ళు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్కగట్టింది. అందులో నూటికి 70 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల వాళ్ళే. దేంతో పోతున్నారు? రక్తం పోయి, గుర్రపువాతం వచ్చి, పురిటి జ్వరం తగిలి. వీటికి మందుల్లేవా అంటే ఉన్నాయి. రక్తం ఆగడానికి ఆక్సిటోసిన్ సూది ఉంది. గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేటు ఉంది. రెండూ పాత మందులే, చవకవే. లేనిదల్లా అర్ధరాత్రి ఆ సూది వేసే మనిషి, కేసు పెద్దదైతే తీసుకుపోయే బండి. ప్రపంచంలోని రోగాల బరువులో ఆఫ్రికా మోస్తున్నది నాలుగో వంతు, అక్కడున్న ఆరోగ్య సిబ్బంది మాత్రం ప్రపంచంలో నూటికి ముగ్గురు అని ఆ సంస్థే 2006లో రాసింది. అక్కడి ప్రజల సొమ్ముతో చదివిన డాక్టర్లూ నర్సులూ చాలామంది యూరప్, అమెరికా ఆసుపత్రులకు వెళ్ళిపోతున్నారు. పేదదేశం ఖర్చు పెట్టి చదివిస్తే ధనిక దేశం ఊరకనే వాడుకుంటున్నది. పాలేరు కొడుకుని కూడా పాలేరుగా పెట్టుకున్నట్టు ఉంది ఈ వ్యవహారం.

అట్లాగని డబ్బు పోస్తే చావులు తగ్గిపోతాయా? అమెరికాను చూడండి. 2022లో మనిషికి 12 వేల డాలర్ల పైన వైద్యానికి ఖర్చయింది. జపాన్లో దాంట్లో సగం కూడా కాదు. అమెరికా వాడు సగటున బతికేది 78 ఏళ్ళే. ఆ దేశంలో 2022లో వెయ్యిమంది తెల్ల బిడ్డలు పుడితే ఏడాదిలోపు పోయింది నలుగురైదుగురు. నల్లబిడ్డలు? దాదాపు పదకొండు మంది. దేశం ఒకటే, మందులు అవే. ఈ అంకె మనలాంటి వాళ్ళకి పెద్దగా విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. ఇంగ్లండులో క్షయ చావులు స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందే, దాదాపు వందేళ్ళ పాటు తగ్గుతూ వచ్చాయి. తిండి, ఇల్లు, గాలి, మురుగు కాలవ. ఎవరి వాటా ఎంతన్నది పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు, ఆడుకోనీండి. మందు అక్కర్లేదని నేననడంలేదు. మందొచ్చాకే క్షయ రోగి లేచి కూర్చున్నాడు. కానీ 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది ఆత్మగౌరవం కోసమే అయినా, నీళ్ళ హక్కంటే బతికే హక్కు కూడా.

పేదగా ఉండి కూడా చావుల్ని తగ్గించుకున్న చోట్లున్నాయి. 1985లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ళు నాలుగు పేర్లు చెప్పారు. చైనా, శ్రీలంక, కోస్టారికా, మన కేరళ. శ్రీలంకలో చదువు నేర్చిన మంత్రసాని ఇంటింటికీ పోయింది, ఆసుపత్రిలో రూకలు అడగలేదు. కేరళలో 2020 లెక్క ప్రకారం వెయ్యికి ఆరుగురు పసిబిడ్డలు పోతే మధ్యప్రదేశ్‌లో 43 మంది. ఆంధ్రలో 24, తెలంగాణలో 21. కేరళ అంకె ఏ మహారాజో దయదలిస్తే వచ్చింది కాదు. మా పిల్లల్ని బడిలోకి రానీయకపోతే మీ పొలాల్లో గడ్డి మొలవాల్సిందేనని అయ్యంకాళి పులయ కూలీలతో పని మాన్పించాడు, నూరేళ్ళ పైమాట. బడికి పోయిన ఆడపిల్ల తల్లయ్యాక బిడ్డకి జ్వరమొస్తే తాయెత్తు దగ్గర ఆగదు.

క్యూబా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దాన్ని ఊరికే పొగుడుతుంటారు. 2018లో అక్కడ వెయ్యికి నలుగురు పసిబిడ్డలే పోయారు, అమెరికా కంటే తక్కువ. 2021లో ఏడు దాటింది. అమెరికా ఆంక్షలు, మందుల కరువు, వలసపోయిన డాక్టర్లు. కట్టుకున్నది కూడా కూలిపోద్ది.

ఇక మన సంగతి. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో ఒక లెక్క అచ్చేసింది. చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు 39న్నర, అగ్రకులాల స్త్రీలది 54. మాస్టరుగా ఒక మాట ఒప్పుకోవాలి. మన జనంలో చిన్నవాళ్ళెక్కువైతే ఆ సగటు కొంత అందువల్ల కూడా దిగుద్ది. జపాన్ లెక్కలో చెప్పానే, అదే. సరే, పసిబిడ్డల లెక్క తీసుకోండి, అక్కడ ఆ సాకు లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎస్సీల బిడ్డలు వెయ్యికి 45 మంది పోయారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ కాని కులాల వాళ్ళ బిడ్డలు 32 మంది. ఒక్క దేశంలోనే రెండు దేశాలున్నాయి, వీసా అక్కర్లేదు, వాడ దాటితే చాలు.

2025 నాటికి దేశం ఆదాయంలో నూటికి రెండున్నర రూపాయలు ప్రజల ఆరోగ్యానికి పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22లో వైద్యానికైన ప్రతి వందలో 39 రూపాయలు జనం జేబులోంచే పోయాయి. మన జేబంటే మేక, తాళిబొట్టు, వడ్డీ అప్పు.

ఇప్పుడు పని. మన వాడలో గత మూడేళ్ళలో ఎవరెవరు పోయారో, ఏ వయసులో, దేంతో, ఆసుపత్రికి చేరారా, చేరితే అక్కడ డాక్టరున్నాడా, ఎంత ఖర్చయింది, ఇవి ఎవరి దగ్గరా రాసి లేవు. మనం రాద్దాం. చదువుకున్న పిల్లలు ఇంటికి పది చొప్పున పంచుకోండి. ఏడిపించేటట్టు అడక్కండి, ముసలమ్మల దగ్గర కూర్చుని నిదానంగా అడగండి. వచ్చే నెల ఆ కాగితాలు పట్టుకుని పీహెచ్‌సీకి, తర్వాత కలెక్టరాఫీసుకి పోదాం. రాత్రి పూట నర్సమ్మ ఉండాలి, సూదులుండాలి, వాడకి కుళాయి రావాలి. నోటుపుస్తకాలు తెచ్చాను, ఆ వెనక బల్ల మీదున్నాయి. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.