ఒక ఏడాదిని రెండుసార్లు లెక్కపెట్టరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా నుంచి వచ్చావు, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నారు సెక్రటరీ గారు. మంచి మాటలు నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ పందిట్లోనే చాలామంది ఉన్నారండి. నేను అక్కడొక విశ్వవిద్యాలయంలో పీజీ అడ్మిషన్ల ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగిని. ఇరవై ఏళ్లుగా అదే పని. కాబట్టి కాగితాల గురించే మాట్లాడతాను.

మనకు మార్కులు తెలుసు. నూటికి ఎన్ని వచ్చాయన్నదే మన లెక్క. అక్కడ దానితో పాటు ఇంకో లెక్క ఉంది. సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట పాఠం వింటే సుమారుగా ఒక క్రెడిట్. ఒక్కో కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు, మాస్టర్స్ డిగ్రీకి 30 నుంచి 36. ఒకచోట చదివిన క్రెడిట్లను ఇంకోచోట డిగ్రీలో కలుపుకోవచ్చా అన్నది ఇప్పుడు మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. ఒకప్పుడు నేనూ అడిగాను.

నేను అమలాపురంలో బీఎస్సీ చేశాను. తర్వాత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరి రెండేళ్ల థియరీ పేపర్లూ పాసయ్యాను. ప్రాజెక్టు మాత్రం ఇవ్వలేదు. నాన్నగారికి జబ్బు చేసి ఇంటికొచ్చేశాను, డిగ్రీ చేతికి రాలేదు. మూడేళ్లు ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పి, 1996 ఆగస్టులో కొబ్బరితోట తాకట్టు మీద అప్పు తెచ్చి అమెరికా వెళ్లాను. చదివిన రెండేళ్లూ కలిపేస్తారు, ఏడాదిలో డిగ్రీ పట్టుకుని వచ్చేయొచ్చు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అదీ నా తెలివి.

వెళ్లాక తెలిసింది. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు. ఇంటర్ దాకా పన్నెండు, డిగ్రీ మూడు, మొత్తం పదిహేనేళ్లు నావి. వాళ్లకు పదహారు కావాలి. నా ఎమ్మెస్సీ మొదటి ఏడాదిని తీసుకెళ్లి ఆ పదహారో ఏడాది కింద జమకట్టారు. "అలాగే అక్కడ చూపించిన దాన్ని మళ్లీ మాస్టర్స్‌లో చూపించడం కుదరదు" అన్నారు. న్యాయమే. ఒకే బస్తా ధాన్యం ఇద్దరు షావుకార్లకు అమ్మలేం కదా. ఇక మిగిలింది రెండో ఏడాది. దాంట్లో నాలుగు పేపర్లు పరిశీలిస్తామన్నారు. మార్కుల లిస్టు ఒక్కటే చాలదు, ఏ పాఠం ఎన్ని గంటలు చెప్పారో, ఏ పుస్తకం వాడారో తెలిపే సిలబస్ కావాలన్నారు. నేను చదివిన చోటికి ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

ఇంతలో నవంబరు 6 వచ్చింది. ఆ రాత్రి గురించి ఈ సభలో నేను చెప్పక్కర్లేదు. మా తాకట్టు తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఫోన్లు లేవు. మూడు వారాలకు తమ్ముడి ఉత్తరం వచ్చింది: అందరూ క్షేమం, పైకప్పు లేదు, ఇక డబ్బు పంపలేం.

అప్పటిదాకా క్రెడిట్లు నాకొక సౌకర్యం. ఆ ఉత్తరంతో అవే ఆధారమయ్యాయి. 30 క్రెడిట్లు చదవాలంటే సెమిస్టరుకు 9 చొప్పున నాలుగు సెమిస్టర్లు పడుతుంది. 6 కలిస్తే మూడింటిలో అయిపోతుంది. నాలుగో సెమిస్టరు ఫీజు నా దగ్గర లేదు.

నా ట్రంకు పెట్టెలో సిలబస్ పుస్తకం ఉంటుంది వెతకమని తమ్ముడికి రాశాను. పెట్టె తుపానులో తడిసిపోయింది. పుస్తకం అట్టకట్టింది. అమ్మ దాన్ని చాప మీద ఎండబెట్టి, ఒక్కో కాగితం విడదీసిందట. నాలుగు పేపర్లలో రెండింటి పేజీలే చదవడానికి వచ్చాయి. నాకు పాఠం చెప్పిన లెక్చరర్ గారు వాటిని కాపీ రాయించి, ముద్ర వేయించి పంపారు. ఆ రెండు పేపర్లకు 6 క్రెడిట్లు ఇచ్చారు. చెరిగిపోయిన రెండింటికి ఏమీ ఇవ్వలేదు. ఆ రెండింటిలోనే నాకు మార్కులు ఎక్కువ!

ఇప్పుడు నేను బల్లకు ఇవతలివైపు కూర్చున్నాను. నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయిగాని, చాలాచోట్ల 6, 9 క్రెడిట్లకు మించి కలపరు. బి గ్రేడుకు తగ్గకూడదు, పీజీ స్థాయి కోర్సై ఉండాలి, మరీ పాతది కాకూడదు, వేరే డిగ్రీకి వాడేసి ఉండకూడదు. మొదటి సెమిస్టరు అవగానే ఫీజు తక్కువని ఇంకో విశ్వవిద్యాలయానికి మారే మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. 9 చదివి వస్తారు, కొత్తచోట 6 తీసుకుంటారు. తగ్గిందనుకున్న ఫీజు ఆ 3 క్రెడిట్లలో పోతుంది.

అన్నిటికన్నా కష్టమైన ఫోన్ 2011లో వచ్చింది, రాజోలు వైపు కుర్రాడు. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద ఆ జనవరిలో అధికారులు దాడి చేశారు. వెయ్యిన్నర మందికి పైగా విద్యార్థులు, అత్యధికులు భారతీయులే, వారిలో తెలుగువాళ్లు చాలామంది. కొందరి కాళ్లకు రేడియో కడియాలు తగిలించారు. దాన్ని నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. "అంకుల్, మూడు సెమిస్టర్లు కట్టాను, ఒక్కటన్నా కలపరా?" అని అడిగాడు ఆ అబ్బాయి. ఆ సంస్థకు అక్రెడిటేషన్ లేదు. అంటే అక్కడ చదివిన చదువును లెక్కలోకి తీసుకోవడానికి పునాది లేదు. కుదరదని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఇక్కడా రోజులు మారాయి. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. పిల్లవాడి క్రెడిట్లు ఖాతాలో జమవుతాయి, కాలేజీ మారినా వెంట వస్తాయి. అయితే డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం చదవాలి. డిగ్రీలో నాలుగో ఏడాది ఆనర్స్ కూడా వచ్చింది కాబట్టి నాకు తగ్గిన ఆ పదహారో ఏడాది గొడవ వీళ్లకు ఉండకపోవచ్చు. కానీ ఆ ఖాతా చూసి విదేశాల్లో ఎవరూ వాటంతటవే కలిపేయరు. అక్కడ మళ్లీ సిలబస్ అడుగుతారు. చేరకముందే "నావి ఎన్ని కలుపుతారు?" అని రాసి, జవాబు కాగితం మీదే తీసుకోవాలి.

కాలేజీల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సిలబస్ మారినప్పుడు పాత పుస్తకాలు తూకానికి వేసేయకండి. ఒక్కో కాపీ మన స్కూలు లైబ్రరీకి పంపండి. బీరువా నేను కొనిస్తాను, ఎత్తైన పీట మీద పెట్టించండి, నీళ్లు అందకుండా.

భోజనాలయ్యాక పదో తరగతి ఏ సెక్షన్ గదిలో ఉంటాను. మార్కుల లిస్టులు తెచ్చుకున్న పిల్లలు రండి. చీకటి పడేవరకు కూర్చుంటాను.